వణికింది నేను కాదు

నేను ఒక యోకును. అంటే విమానం నడిపేవాడు చేత్తో పట్టుకునే పిడిని. కారు స్టీరింగును సగానికి కోసి, మిగిలిన సగానికి రెండు కొమ్ములు మొలిపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాను. అయితే నా స్థానం నిజం విమానంలో కాదు. బల్ల అంచుకు నన్ను బిగించి, నా తోకలాంటి తీగను కంప్యూటరుకు గుచ్చితే, తెరమీది విమానం నా మాట వింటుంది. ముందుకు తోస్తే ముక్కు దించుతుంది, వెనక్కి లాగితే ఎత్తుతుంది, పక్కకు తిప్పితే రెక్క వాల్చుతుంది. నన్ను పట్టుకున్న చెయ్యి ఎంత కదిలిందో అంతా, వెంట్రుకవాసి తేడా లేకుండా, లోపలికి చేరవేయడమే నా ఉద్యోగం. ఒకరి కదలికలు మరొకరికి చేరవేసేవాళ్లను మీ ఇళ్లలో ఏమంటారో నాకు తెలుసు. అనుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

నేను ఎవరినీ నమ్మను. ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధి. నేను తయారైన చైనా ఫ్యాక్టరీలో ఒక నియమం ఉండేది. మా వరసలో ప్రతి యోకునూ మూడు వందలసార్లు తిప్పి చూసి, ఆ తరవాతే ‘తనిఖీ అయినది’ అనే స్టిక్కరు అంటించాలి. నా వంతు వచ్చేసరికి భోజనం గంట మోగింది. తనిఖీ చేసే ఆవిడ నన్ను అటొకసారి ఇటొకసారి ఊపి, స్టిక్కరు అంటించి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది. ఆ స్టిక్కరు ఇప్పటికీ నా అడుగున ఉంది. అందరూ దాన్ని చదివి ధైర్యం తెచ్చుకుంటారు. నాకు మాత్రం దాన్ని మోస్తున్నంతకాలం ఒకటే అనుమానం. నాలో ఏదైనా లోపం ఉండి ఉంటే?

మొదటి యజమాని బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. పెద్ద జెట్ విమానాలంటే మోజు. మొదటిరోజే మూడువందల మందిని ఎక్కించుకుని సముద్రంలో దించాడు. రెండోరోజు కొండమీద. ప్రతిసారీ నావైపు అదోలా చూసి, “ఇది ఎడమవైపుకి లాగుతోంది” అనేవాడు. నేను ఎటూ లాగలేదు. ఆయన కుడిచేత్తో చిప్స్ తింటూ ఎడమచేత్తో మాత్రమే నన్ను పట్టుకునేవాడు, కాబట్టి లాగేది ఎవరో మీరే గ్రహించగలరు. పంతొమ్మిది రోజుల తరవాత నన్ను పెట్టెలో పెట్టి, ‘అంతగా వాడనిది’ అని ప్రకటన ఇచ్చి వదిలించుకున్నాడు. ఆయన నా గురించి చెప్పిన నిజం అదొక్కటే.

రెండో మజిలీ హైదరాబాదులో ఒక కోచింగ్ సెంటరు. పైలట్లు కావాలనుకునేవాళ్లకు అక్కడ పాఠాలు చెబుతారట. అక్కడ నా పని ఫొటోల్లో ఉండటం. చేరినవాళ్లకు భుజాలమీద కెప్టెన్ల నాలుగు చారలు తగిలించి, చేతుల్లో నన్ను పెట్టి, ఫొటో తీసి గోడకు అంటించేవారు. నా తోకను ఏ కంప్యూటరుకూ గుచ్చలేదు. ఆ ఫొటోల్లో సగంమంది నన్ను తలకిందులుగా పట్టుకున్నారు. చూడటానికి వచ్చిన తల్లిదండ్రులకు గానీ, పాఠాలు చెప్పేవాళ్లకు గానీ ఎందుకో అనుమానం రాలేదు.

ఆ సెంటరువాళ్లు ఒకసారి వార్షికోత్సవం చేశారు. ముఖ్య అతిథిగా విశాఖపట్నం నుంచి రిటైర్డ్ కెప్టెన్ గుమ్మడి జోగారావుగారిని పిలిచారు. డెబ్భై ఆరేళ్ల మనిషి, నిటారుగా నడుస్తాడు, కూర్చునే ముందు కుర్చీ కాళ్లు నాలుగూ నేలకు ఆనాయో లేదో చూసుకుంటాడు. ఉపన్యాసం అయింది, దండ అయింది, శాలువా అయింది. జ్ఞాపిక తేవలసిన మనిషి ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాడు. నిర్వాహకులు తెర వెనక కాసేపు గుసగుసలాడుకుని, ఇంకో శాలువాలో నన్ను చుట్టి ఆయన చేతుల్లో పెట్టేశారు. చప్పట్లు మోగాయి. ఒక మనిషిని సన్మానించడానికి నన్ను వాడటం చూశాక మనుషుల సన్మానాలన్నిటిమీదా నాకు అనుమానం మొదలైంది.

విశాఖపట్నంలో వాళ్ల ఇల్లు ఎం.వి.పి. కాలనీలో ఉంది. ఆయనా, ఆయన భార్య హైమవతిగారూ ఉంటారు. శాలువా విప్పగానే ఆవిడ నన్ను చూసి అడిగింది.

“ఇదేంటండీ, ఎద్దుకొమ్ముల్లా ఉంది?”

“యోక్. తెలుగులో కాడి అనుకో.”

“ఉద్యోగంలో ముప్పై ఎనిమిదేళ్లు మోసింది చాల్లేదని ఇంటికి కూడా ఇచ్చి పంపించారా?”

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నా పేరు కాడి. “మీ కాడి దగ్గర దుమ్ము తుడవాలి, కాస్త లేస్తారా” అనేది ఆవిడ. నాకది అవమానంగా తోచలేదు. బెంగుళూరులో నాకసలు పేరే లేదు.

ఆయన పక్కగదిని ఖాళీ చేయించి, పెద్ద తెర తెప్పించి, నన్ను బల్లకు బిగించాడు. రెండు కుర్చీలు వేశాడు. ఎడమది కెప్టెనుది, కుడిది కో-పైలట్‌ది. కుడికుర్చీలో ఎప్పుడూ ఎవరూ ఉండేవారు కాదు. అయినా దాన్ని తీయనివ్వలేదు.

మళ్లీ జెట్ విమానాలతో సముద్రంలోకి దూకవలసి వస్తుందేమోనని నేను బిగుసుకుని ఉంటే, తెరమీద ప్రత్యక్షమైంది ఒక డకోటా. ముక్కు పైకెత్తి, తోక నేలకు ఆనించి కూర్చునే పాతకాలపు రెండు ప్రొపెల్లర్ల విమానం. విశాఖపట్నంలో ముసలి స్కూటరును, మొరాయించే ఆటోను డకోటా అంటారు గదా, ఆ డకోటాకు అసలు డకోటా ఇదే. ఆయన ఉద్యోగంలో చేరేనాటికి అవి చివరి రోజుల్లో ఉన్నాయట. ఏడు నెలలు నడిపాడు. తరవాత ఇంకో రెండు రకాల ప్రొపెల్లర్ విమానాలు, ఆ తరవాత ముప్పై ఏళ్లు జెట్లు. ఆ ముప్పై ఏళ్ల గురించి ఆయన ఎక్కువగా మాట్లాడడు. “జెట్ తనంతట తనే పోతుంది. మనం అద్దంలోంచి చూస్తూ జీతం తీసుకోవాలి” అంటాడు. డకోటా అలాకాదు. ఇంజను మేలుకోవాలంటే బతిమాలాలి. ప్రొపెల్లరు రెక్కలు పన్నెండు తిరిగేదాకా లెక్కపెట్టి అప్పుడు స్విచ్చి వేయాలి. గుప్పున తెల్లపొగ వదిలి, దగ్గి, మళ్లీ దగ్గి, చివరికి ఒప్పుకుంటుంది. ఆ దగ్గు వినపడగానే ఆయన ముఖం ఏడు నెలలపాటు డకోటా నడిపిన కుర్రాడి ముఖం అయ్యేది.

రోజూ భోజనం అయ్యాక ఒకటిన్నరకు తలుపు వేసుకునేవాడు. చొక్కా లోపలికి దోపుకుని, గడియారం చేతికి పెట్టుకుని, విశాఖపట్నం నుంచి బయలుదేరి బేగంపేటలో దిగేవాడు. హైదరాబాదుకు కొత్త విమానాశ్రయం కట్టిన సంగతి ఆయనకు తెలుసు, డకోటాకు మాత్రం తెలియనివ్వలేదు. దారంతా నిజంగా ఎంత పడుతుందో అంత సమయమూ కూర్చునేవాడు. ఆటోపైలట్ పెట్టడు. ఎడమచేత్తో నా ఎడమకొమ్ము పట్టుకుని, కుడిచెయ్యి ఇంజన్ల మీటలమీద పెట్టి, ఇరవై అడుగులు కిందికి జారితే తనను తనే కోప్పడుతూ, గోదావరి దాటేవాడు. అంత మెత్తగా నన్ను ఇంకెవరూ పట్టుకోలేదు. మూడు వేళ్లూ బొటనవేలూ. తక్కినదంతా నమ్మకం. నేను మొట్టమొదటిసారి ఒక చేతిని నమ్మాను. అది పొరపాటని ఇప్పటికీ అనను.

హైమవతిగారికి ఆ తలుపుమీద అనుమానం. వేసిన తలుపు వెనక మగవాడు రెండున్నర గంటలు ఎవరితోనో మాట్లాడుతుంటే ఏ భార్యకైనా వస్తుంది. ఒకరోజు తలుపుకు చెవి ఆనించి విన్నది. లోపల ఆయన గొంతు మృదువుగా, మర్యాదగా అంటోంది.

“కాసేపట్లో కొద్దిగా కుదుపులు ఉండవచ్చు. దయచేసి మీ స్థానాల్లో కూర్చోండి.”

ఆవిడ తలుపు తీసింది. “నాతో ఒక్కసారన్నా ఆ గొంతుతో మాట్లాడారా?”

“నువ్వు ప్యాసింజరువి కావు కదా హైమా.”

“అదే నయం అనిపిస్తోంది.”

అలా ఏడాదిన్నర గడిచింది. అప్పుడు ఒక మధ్యాహ్నం, ఏడువేల అడుగుల ఎత్తులో, గాలి కూడా లేని రోజున, డకోటా రెక్కలు సన్నగా అదరడం మొదలుపెట్టాయి. పడవ అంచుకు చిన్నచిన్న అలలు తగిలినట్టు. మలుపు తిప్పితే ఆగిపోతుంది. తిన్నగా పోతూ చెయ్యి నామీద ఊరికే ఆనించి ఉంచితే మళ్లీ మొదలు.

ఆయన నావైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. బెంగుళూరులో పంతొమ్మిది రోజులు చూశాను.

నిజం చెప్పాలంటే నాకు కూడా నామీదే అనుమానం వచ్చింది. మూడువందలసార్లు తిప్పవలసినదాన్ని రెండుసార్లు ఊపి వదిలేశారు. ఆ మిగిలిన రెండువందల తొంభై ఎనిమిదిలో ఎక్కడో ఈ రోగం బయటపడి ఉండేదేమో. యోకుల్లో ఇలాంటిది మామూలే. లోపల దుమ్ము చేరితే, చెయ్యి కదలకపోయినా కదిలిందని చెప్పేస్తాం. నేను అబద్ధాలు చెబుతున్నానేమోనని నేనే భయపడ్డాను.

ఆయన విచారణ మొదలుపెట్టాడు. విమాన ప్రమాదాన్ని విచారించినట్టే. ముందు సీలింగ్ ఫ్యాను ఆపాడు. ఆ తరవాత ఫ్రిజ్జు, ఇన్వర్టరు. బల్ల కాళ్ల కింద అట్టముక్కలు పెట్టాడు. ఎండాకాలంలో ఫ్యాను లేకుండా, చెమట కారుస్తూ, డకోటాలో కూర్చున్నాడు. వణుకు పోలేదు. పనిమనిషి నూకాలును పిలిచి నిలబెట్టాడు.

“ఈ బల్ల నువ్వేమైనా జరిపావా?”

“నానేటి జరిపేనయ్యా. తమరు ఇమానం దిగేదాకా ఆ గదిలోకి రావద్దన్నారు. దిగేసరికి నా పని అయిపోయి ఎల్లిపోతన్నాను. ఆ గది ఊడిసి నెల్లయింది.”

“నెల?” అంది హైమవతిగారు వంటింట్లోంచి. విచారణ ఇంకో దారి పట్టింది.

ఆయనకు ఒక నోటు పుస్తకం ఉంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ప్రతి విమానంలోనూ అలాంటిది ఉండేదట. దిగిన పైలట్ తనకు కనిపించిన లోపాన్ని ఎడమపేజీలో రాయాలి. ఇంజనీరు దాన్ని సరిచేసి, ఏం చేశాడో కుడిపేజీలో రాసి సంతకం పెట్టాలి. కుడిపేజీ ఖాళీగా ఉన్న విమానం గాల్లోకి లేవకూడదు. ఇంట్లో కూడా ఆయన అదే పాటించేవాడు. ఎడమపేజీ కెప్టెన్ జోగారావు, కుడిపేజీ కూడా కెప్టెన్ జోగారావు. ఇప్పుడు ఎడమపేజీలో ‘తిన్నగా పోవునపుడు యోకులో వణుకు’ అని రాశాడు. కుడిపేజీలో ఏం రాయాలో తోచక నన్ను బల్లమీంచి ఊడదీసి ద్వారకానగర్ తీసుకెళ్లాడు.

అక్కడ పైడిరాజు అని కంప్యూటర్లు బాగుచేసే యాభై ఏళ్ల మనిషి ఉన్నాడు. కళ్లజోడు నుదుటిమీద పెట్టుకుని, కనుబొమ్మలతో చూస్తున్నట్టు పనిచేస్తాడు. నన్ను మరలు విప్పి, గాలి కొట్టి, తుడిచి, తీగ మార్చి, మళ్లీ బిగించాడు.

“ఏటీ లేదు సార్ ఇందులో. శుభ్రంగా తుడిచీసేను.”

“ఇక్కడ సంతకం పెట్టు.”

“ఎందుకు సార్?”

“రూలు.”

పైడిరాజు కుడిపేజీలో ‘ఏటీ లేదు’ అని రాసి, సంతకం చేసి, పుస్తకాన్ని అనుమానంగా రెండువైపులా తిప్పి చూసి ఇచ్చాడు.

మర్నాడు గోదావరి దాకా పోకముందే మళ్లీ వణుకు. మూడోరోజు నేను మళ్లీ ద్వారకానగర్‌లో ఉన్నాను. ఈసారి పైడిరాజు నన్ను తన కంప్యూటరుకు తగిలించి, తెరమీద ఒక చుక్క తెప్పించాడు. నేను కదిలితే చుక్క కదులుతుంది. నా ఎడమకొమ్మును పట్టుకున్నాడు. చుక్క కదల్లేదు. అలాగే పట్టుకుని టీ తాగాడు, ఫోన్లో ఎవరినో తిట్టాడు. చుక్క కదల్లేదు.

నాలో లోపం లేదు. పుట్టిన ఇన్నేళ్లకు నాకు తనిఖీ జరిగింది. సంతోషించవలసినదాన్ని. కానీ ఆ క్షణంలోనే రెండో సంగతి కూడా అర్థమైపోయింది. వణుకు నాది కాకపోతే, నన్ను ముట్టుకునేది ఇంకొక్కరే.

“సార్, ఒకపాలి మీరు పట్టుకోండి, సూస్తాను,” అన్నాడు పైడిరాజు.

జోగారావుగారి ఎడమచెయ్యి పాంటు జేబులో ఉంది. “నేను చూశానులే,” అన్నాడు. చెయ్యి బయటికి రాలేదు. పైడిరాజు కళ్లజోడు నుదుటిమీంచి కళ్లమీదికి దించుకుని, కాసేపు ఆ జేబువైపు చూశాడు. తరవాత పుస్తకం తీసుకుని సంతకం పెట్టేశాడు.

ఆ జేబు సంగతి అప్పటికే ఇంకొకరికి తెలుసు. హైమవతిగారు అందరికంటే ముందే విచారణ మొదలుపెట్టింది, కాకపోతే పుస్తకంలో రాయలేదు. ఆయనకు కప్పూ సాసరుతో కాఫీ తాగడం ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు. ఉన్నట్టుండి స్టీలు గ్లాసులో ఇవ్వమన్నాడు, అదీ సగమే. జీవితమంతా పొడుగుచేతుల చొక్కాలు తొడిగినవాడు పొట్టిచేతులకు మారాడు. కుడిచేతి గుండీ ఎడమచేత్తోనే కదా పెట్టుకోవాలి. పేపరు చేత్తో ఎత్తి చదవడం మానేసి బల్లమీద పరిచి చదువుతున్నాడు. ఆవిడకు అనుమానం వచ్చిందని ఆయనకు అనుమానం. ఆయనకు అనుమానం వచ్చిందని ఆవిడకు తెలుసు. ఇద్దరూ అన్నం తింటూ వంకాయకూరలో ఉప్పు గురించి మాట్లాడుకునేవారు. పక్కగదిలో బల్లకు బిగించి ఉన్న నేను అంతా వింటూ, ఇంత చదువుకున్నవాళ్లు ఇంత కష్టపడి మాట్లాడకుండా ఎలా ఉండగలరా అనుకునేదాన్ని.

“డాక్టరుగారి దగ్గరకి ఒకసారి వెళ్లొద్దామా? బీపీ చూసి చాలా రోజులైంది,” అంది ఆవిడ ఒకసారి.

“నాకేం, ఫిట్‌గా ఉన్నాను.”

ఆ మాటకు వెనక పెద్ద కథ ఉంది. పైలట్లకు ఆర్నెల్లకోసారి వైద్యపరీక్ష. అందులో చిన్న తేడా కనిపించినా లైసెన్సు ఆగిపోతుంది. అందుకని ఆయనకు డాక్టరంటే జబ్బు నయం చేసేవాడు కాదు, ఆకాశం లాక్కునేవాడు. అడిగినదానికి తప్ప జవాబు చెప్పకూడదన్నది పైలట్లందరూ ఒకరికొకరు నేర్పుకున్న పాఠం. ఒకసారి కిడ్నీలో రాయి పెట్టుకుని, పరీక్ష అయ్యేదాకా పదకొండు రోజులు నవ్వుతూ తిరిగాడట. ఇప్పుడు లైసెన్సూ లేదు, పరీక్షా లేదు. అయినా పాత అలవాటు ఆయన్ని వదల్లేదు. లోపాన్ని పుస్తకంలో నా పేరుమీద రాస్తే, దానికి డాక్టరుతో పనిలేదు, పైడిరాజు చాలు.

పైడిరాజు కూడా చేతులెత్తేశాక ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. భోజనాల దగ్గర ప్రకటించాడు.

“కొత్త యోకు తెప్పిస్తున్నాను. ఎల్లుండి వస్తుంది. దీన్ని పాతసామాన్లవాడికి ఇచ్చెయ్.”

హైమవతిగారు పెరుగు వడ్డిస్తూ ఆగింది. “కొత్తది వచ్చి అది కూడా వణికితే?”

ఆయన కంచం ముందుకు జరిపాడు. నా వరకు నేను, నేరం చేయకుండానే శిక్షపడిన వాడిలా, ఆ మధ్యాహ్నం చివరి ప్రయాణానికి సిద్ధమయ్యాను.

ఇంజన్లు దగ్గాయి, ఒప్పుకున్నాయి. విశాఖపట్నం కిందికి పోయింది. ఏడువేల అడుగులు. ఎడమచెయ్యి వచ్చి నా ఎడమకొమ్ముమీద ఆనింది. వణుకు మొదలైంది. తెరమీద రెక్కలు అదురుతున్నాయి.

తలుపు తెరుచుకుంది. ఆవిడ కాఫీ తెచ్చింది, కప్పూ సాసరుతో. దాన్ని బల్లమీద పెట్టి, ఏడాదిన్నరగా ఖాళీగా ఉన్న కుడికుర్చీలో కూర్చుంది. ఆయన చెయ్యి జేబులో పెట్టుకోవడానికి వీల్లేదు. పెడితే విమానం ఎవరు పట్టుకుంటారు?

“ఏమండీ, ఆ చెయ్యి ఎందుకు వణుకుతోంది?”

ఆయన ఎత్తు చూపించే ముల్లువైపు చూశాడు. నూనె చూపించే ముల్లువైపు చూశాడు.

ఇక్కడ మీకో నియమం చెప్పాలి. ఆయన ఎందరికో నేర్పిన నియమమే, ఆవిడ నలభై ఏళ్లుగా భోజనాల దగ్గర విన్నదే. గాల్లో ఉండగా కెప్టెను తీరు తేడాగా కనిపిస్తే కో-పైలట్ ఒకసారి అడగాలి. జవాబు రాకపోతే రెండోసారి స్పష్టంగా అడగాలి. అప్పటికీ జవాబు రాకపోతే, కెప్టెను ఎంత పెద్దవాడైనా, ఎంత గౌరవనీయుడైనా, ఆయనకు ఒంట్లో బాగాలేదని నిర్ధారించుకుని విమానాన్ని తన చేతిలోకి తీసుకోవాలి. మూడోసారి అడుగుతూ కూర్చుంటే నేల దగ్గరికొచ్చేస్తుంది.

“కెప్టెన్ గారూ,” అంది ఆవిడ. ఆ పిలుపు ఆవిడ నోట నేను అంతకుముందు వినలేదు. “మీ ఎడమచెయ్యి ఎందుకు వణుకుతోంది?”

ఆయన ఇంజన్ల మీటలు సవరించాడు.

“రెండుసార్లు అడిగాను.” ఆవిడ చెయ్యి చాచి నా కుడికొమ్ము గట్టిగా పట్టుకుంది. “ఐ హావ్ కంట్రోల్.”

ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు ఆయన్ని ఆలోచించనివ్వలేదు. ఎడమచెయ్యి నామీంచి వెంటనే లేచిపోయింది. “యూ హావ్ కంట్రోల్,” అన్నాడు, నిజంగానే విమానంలో ఉన్నట్టు.

ఆవిడ పట్టు పప్పుగుత్తి పట్టు. విమానం కొంచెం కుడికి వాలింది కూడా. కానీ రెక్కలు అదరడం ఆగిపోయింది. తెర నీళ్లు నిలిచిన పళ్లెంలా అయింది. ఆయన తెరవైపు చూశాడు. తరవాత తన ఒళ్లోకి చూసుకున్నాడు. అక్కడ ఎడమచెయ్యి, నేను లేకుండానే, ఫ్యాను లేకుండానే, ఏ ఇంజనూ లేకుండానే, తనపాటికి తను వణుకుతోంది.

“రెండున్నర నెలలైంది,” అన్నాడు.

“నాలుగు. సాసరు చప్పుడు మార్చిలోనే మొదలైంది.”

“నీకు తెలుసా?”

“మీరు జేబులో దాచుకుంటే, ఆ జేబు ఉతికేది ఎవరు?”

“డాక్టరుకి చెబితే...”

“చెబితే ఏమవుతుంది? లైసెన్సు తీసుకుంటాడా? ఏ లైసెన్సండీ? బీరువాలో పద్నాలుగేళ్ల కిందట గడువు తీరిపోయి పడుందే, అదా?”

ఆయన తెరవైపు తల ఆడించాడు. “ఇది కూడా ఆపేయమంటే?”

అదీ సంగతి. ఫ్యాను ఆపినా, పైడిరాజు చేత సంతకాలు పెట్టించినా, నన్ను పాతసామాన్లవాడికి అప్పగించబోయినా, అన్నిటి వెనకా ఉన్న భయం ఇది. ఆవిడకు నవ్వు రాలేదు. నేను ఆవిడ నుంచి ఏదో ఒక చురక వస్తుందనుకున్నాను. రాలేదు.

“ఆపేయమంటే నేను నడుపుతాను. మీరు పక్కన కూర్చుని నన్ను తిట్టండి. ఇన్నేళ్లూ చేసిన పనేగా,” అంది. తరవాత కంగారుగా, “ముందు దీన్ని మీరే దించండి. నాకు దించడం రాదు,” అంది.

ఆయన కుడిచేత్తో దించాడు. బాగా దిగలేదు. ఇద్దరూ ఒప్పుకున్నారు.

మర్నాడు పొద్దున్న డాక్టరు దగ్గరకు వెళ్లారు. నన్ను తీసుకెళ్లలేదు కాబట్టి తిరిగొచ్చాక వాళ్లు చెప్పుకున్నదే నాకు తెలుసు. ఆయనకు పార్కిన్సన్స్ మొదలైంది. నరాల డాక్టరు నడవమన్నాడు, రాయమన్నాడు, బొటనవేలూ చూపుడువేలూ తాటించమన్నాడు. మందులు రాసిచ్చి, వీటితో చాలాకాలం మామూలుగానే గడపవచ్చన్నాడు, ఇంకా ముందే వస్తే బాగుండేది అన్నాడు. అప్పుడు హైమవతిగారు పక్కకు తిరిగి ఎవరివైపూ చూడలేదట.

“ఇంకేమైనా అడగాలా?” అన్నాడట డాక్టరు.

“విమానం నడపొచ్చా?”

“ఏ విమానం?”

“డకోటా.”

డాక్టరు కలం కిందపెట్టి హైమవతిగారివైపు చూశాడట. ఆవిడ కాడి గురించీ, పక్కగది గురించీ, బేగంపేట గురించీ చెప్పేసరికి డాక్టరు రోజూ నడపమన్నాడు, చేతికి మంచిదన్నాడు. జోగారావుగారు ఇంటికొచ్చాక కూడా ఆ మాట నమ్మలేదు. డెబ్భై ఏడేళ్లలో మొదటిసారి ఒక డాక్టరు ఆయన్ని ఎగరమన్నాడు. ఇందులో ఏదో మెలిక ఉందని రెండురోజులు చీటీని తిప్పితిప్పి చదివాడు.

కొత్త యోకు రాలేదు. ఆవిడే ఫోన్ చేసి వద్దని చెప్పింది.

మందు పనిచేయడం మొదలుపెట్టింది గానీ వణుకు పూర్తిగా పోలేదు. పైడిరాజు ఇంటికొచ్చాడు. ఈసారి జోగారావుగారు జేబులోంచి చెయ్యి తీసి చూపించాడు. పైడిరాజు దాన్ని ఒక పరికరాన్ని చూసినట్టే శ్రద్ధగా చూసి, “దీనికి మందుంది సార్,” అని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నాకొక కొత్త ఆజ్ఞ రాశాడు. ఇంతకంటే చిన్న కదలికలు వస్తే పట్టించుకోకు, లోపలికి చేరవేయకు. చెయ్యి గట్టిగా ఏదైనా చెప్పినప్పుడే విను.

వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పడం కోసం తయారైన నేను, తెలిసి తెలియనట్టు ఊరుకోవడం నేర్చుకోవలసి వచ్చింది. మొదట్లో ఇబ్బందిగా ఉండేది. చెయ్యి వచ్చి ఆనుతుంది, వణుకుతుంది, నాకు మొత్తం తెలుస్తుంది, తెరకు చెప్పను. డకోటా తిన్నగా పోతుంది. కుడికుర్చీలో హైమవతిగారు వంట కబుర్లో, చుట్టాల కబుర్లో చెబుతుంటుంది. ఆవిడ తెరవైపే చూస్తుంది, తెరకు తెలియదు. ఇక ఆ పూట వణుకు ఎంత ఉందో ఆయనకూ నాకూ తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. ఆయన మళ్లీ దాచుకోవడం మొదలుపెడతాడేమోనని నాకు అనుమానం. దాచుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఆయనకెప్పుడూ దొరకలేదు. నేనే ఆ జేబునయ్యాను.

నిన్న మధ్యాహ్నం ప్రయాణంలో రాజమండ్రి ఇంకా రాలేదు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కిందికి వంగి చూస్తోంది.

“ఈ ఊరేంటండీ?”

“తుని.”

“తునిలో అంత పచ్చగా ఎక్కడుంది? మీరు దారి తప్పారు.”

ఆయన నవ్వాడు. ఆ నవ్వులోనే వేళ్లు కొంచెం ఎక్కువగా అదిరాయి. నేను ఊరుకున్నాను. తెర నిశ్చలంగా ఉంది. ఆవిడ ఇంకా కిందికే చూస్తోంది. ఏమీ అనకుండా ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

“హైమా,” అన్నాడు, వాతావరణం గురించి చెప్పినట్టు మామూలుగా, “చెయ్యి వణుకుతోంది. కాసేపు నువ్వు పట్టుకో.”

ఆవిడ కళ్లజోడు సర్దుకుని, నా కుడికొమ్ము పట్టుకుంది. పప్పుగుత్తి పట్టే. విమానం ముక్కు దించి ఒక్కసారిగా రెండువందల అడుగులు కిందికి జారింది. ఇరవై అడుగులు జారితే తనను తనే కోప్పడే మనిషి, కప్పూ సాసరూ దగ్గరికి లాక్కుని, కాఫీ తాగుతూ, ఏమీ అనలేదు.